మీకు తెలుసా? ఫ్లాటులో తొలి హామ్ రేడియో

హామ్ రేడియో (ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని సొంతంగా నడిపే వైర్‌లెస్ స్టేషన్) అనగానే ఇంటి మీద ఎత్తైన టవరు, దాని కొసన అల్యూమినియం గొట్టాల యాంటెన్నా గుర్తొస్తాయి. ‘మాది అపార్ట్‌మెంటు, మాకెక్కడ కుదురుతుంది’ అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగనక్కర్లేదు. మూడో అంతస్తులో రెండు గదులూ ఒక చిన్న బాల్కనీ ఉన్నవాళ్లు కూడా ఖండాలు దాటి మాట్లాడుతున్నారు. కాకపోతే సామాను ఎంచుకునే వరుస మారాలి. సొంత పెరడు ఉన్నవాళ్లు ముందు రేడియో కొని తర్వాత తీగ సంగతి చూసుకోవచ్చు. ఫ్లాటులో ఉండేవాళ్లు మాత్రం తీగ ఎక్కడ కట్టగలరో, ఆ చోట ఎంత రొద ఉందో చూసుకున్నాకే రేడియో జోలికి వెళ్లాలి. ఈ విశేషాలన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూ తిరిగేవే.

పన్నెండేళ్లు నిండితే చాలు

మన దేశంలో హామ్ లైసెన్సుకు కనీస వయసు 12 ఏళ్లు. ఇంజినీరింగు చదివి ఉండాలన్న నియమం లేదు. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష పెడుతుంది. రేడియో ఎలా పనిచేస్తుంది, నిబంధనలు ఏమిటి, ఈ రెండూ చదువుకోవాలి. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులున్నాయి. రెస్ట్రిక్టెడ్‌కు మోర్స్ కోడ్ రానక్కర్లేదు. కాల్‌సైన్ అనే గుర్తింపు పేరు చూస్తేనే ఎవరిది ఏ గ్రేడో తెలిసిపోతుంది: జనరల్ వాళ్లది వీయూ2తో, రెస్ట్రిక్టెడ్ వాళ్లది వీయూ3తో మొదలవుతుంది. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ.

ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించిన వాకీటాకీని ముందే కొనేసి, లైసెన్సు తర్వాత చూసుకుందాం అనుకోకండి. లైసెన్సు లేకుండా ఆ బటన్ నొక్కడం చట్టవిరుద్ధం. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు మినహాయింపు ఉంది కానీ, అది హామ్ బ్యాండు కాదు. పరీక్షకు చదివే నెలలు వృథా పోవు. ఫ్లాటులో చేయాల్సిన అసలు పరిశోధన అంతా ఆ రోజుల్లోనే పూర్తి చేయొచ్చు.

నెదర్లాండ్స్‌లోని యాంటెన్నాతో మీ మంచం మీద నుంచే వినొచ్చు

నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం తన రిసీవరును ఇంటర్నెట్‌కు కలిపి ప్రపంచానికంతటికీ తెరిచిపెట్టింది. వెబ్‌ఎస్‌డీఆర్ అనే ఈ పద్ధతిలో ఒకే రిసీవరును ఒకేసారి వందల మంది, ఎవరికి కావలసిన ఫ్రీక్వెన్సీని వాళ్లు తిప్పుకుంటూ వింటారు. పైసా ఖర్చు లేదు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద మాటలు ఎలా ఉంటాయో, 14 మీద మోర్స్ ఎలా వినిపిస్తుందో, పగటికీ రాత్రికీ ఏ బ్యాండు ఎలా మారుతుందో చెవికి అలవాటవుతుంది. కొత్తవాళ్లు దేని మీద ఇష్టం కలిగితే దాన్నే ఎంచుకోవాలని నేనంటాను. ఆ ఇష్టం ఏమిటో తెలిసేది ఇక్కడే.

తర్వాతి మెట్టు, కంప్యూటరుకు గుచ్చే చిన్న టీవీ ట్యూనర్. టీవీ చూడటానికి తయారైన ఈ డాంగిల్‌లోని చిప్పును రేడియో రిసీవరుగా వాడుకోవచ్చని 2012లో ఔత్సాహికులు కనిపెట్టారు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అని పిలిచే ఈ పరికరం బాగా అమ్ముడయ్యే రకమైతే సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1,700 పైదాకా వింటుంది. విమానాల మాటలు, వాతావరణ ఉపగ్రహాలు, నగరంలోని హామ్ రిపీటరు (అందిన సంకేతాన్ని బలంగా తిరిగి పంపే స్టేషన్), అన్నీ తెర మీద గీతల్లా కనబడతాయి. రొదను కంటితో చూడాలన్నా ఇదే సాధనం.

ఫ్లాటుకు అసలు శత్రువు గోడ కాదు, చార్జరు

గోడ తరంగాన్ని బలహీనపరుస్తుంది, అంతే. మన ఇంట్లోని చవక ఎలక్ట్రానిక్స్ మాత్రం తరంగం మీద సొంత శబ్దాన్ని కుమ్మరిస్తాయి. ఎల్‌ఈడీ బల్బులోని డ్రైవర్, ఫోన్ చార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్, పై అంతస్తు వాళ్ల సోలార్ పెట్టె, లిఫ్టు మోటారును నడిపే పరికరం, వీటన్నిట్లో కరెంటును సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్లుంటాయి. ఆ తెంపు, కలుపుల జాడ ఇంటి వైరింగు వెంట పాకి, తీగలన్నిటినీ యాంటెన్నాలుగా మార్చేస్తుంది. పల్లెలో 7 మెగాహెర్ట్జ్ మీద స్పష్టంగా వినిపించే గొంతు నగరం ఫ్లాటులో పూర్తిగా మునిగిపోవడానికి కారణం ఇదే.

రేడియో కొనకముందే ఈ పరీక్ష చేసుకోండి. బ్యాటరీతో నడిచే చిన్న షార్ట్‌వేవ్ రిసీవరు పట్టుకుని, 7, 14, 21, 28 మెగాహెర్ట్జ్ దగ్గర స్టేషన్ లేని చోట పెట్టండి. హాల్లో ఒకసారి, పడగ్గదిలో ఒకసారి, బాల్కనీ చివర ఒకసారి విని, ఎక్కడ రొద తక్కువో రాసుకోండి. ఆ తర్వాత ఇంట్లో అందరికీ చెప్పి మెయిన్ ఎంసీబీ దించి, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. రొద ఒక్కసారిగా పడిపోతే దొంగ మన ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్చే పైకెత్తుతూ పోతే దొరికిపోతాడు. పడకపోతే అది పొరుగుదో వీధిదో. అప్పుడు యాంటెన్నాను ఆ దిక్కుకు దూరంగా, వీలైనంత బయటికి జరపడమే మార్గం. దొరికిన చార్జరును మార్చేయొచ్చు, లేదా దాని తీగను ఫెరైట్ రింగు గుండా నాలుగైదు చుట్లు తిప్పొచ్చు. కొన్ని వందల రూపాయల రింగులు ఎన్నో వేల రూపాయల రేడియో చేయలేని మేలు చేస్తాయి.

ఒక చిన్న విశేషం. చాలా తెలుగు ఇళ్లలో కరెంటు పోతే ఆదుకునే 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటుంది. హామ్ రేడియోలు ఎక్కువగా నడిచేది కూడా సుమారు 13 వోల్టుల డీసీ మీదే. కాబట్టి సరైన ఫ్యూజు పెట్టి తీగ తీసుకుంటే ఆ బ్యాటరీయే రేడియోకు సరిపోతుంది. ఇన్వర్టర్ పెట్టె మాత్రం రొద పుట్టించే వాటిలో ముందు వరసలో ఉంటుంది. అందుకే విడిగా ఒక చిన్న బ్యాటరీ, 7 ఆంపియర్-అవర్‌ది పెట్టుకోవడం నయం.

100 వాట్లకూ 5 వాట్లకూ తేడా మీటరు మీద రెండు గీతలే

రేడియోలో వచ్చే సంకేతం బలాన్ని ఎస్-మీటరు చూపుతుంది. అందులో ఒక్కో మెట్టు 6 డెసిబెల్స్, అంటే నాలుగు రెట్ల శక్తి. 100 వాట్లను 5 వాట్లకు దించితే తగ్గేది 13 డెసిబెల్స్. మీరు 100 వాట్లతో మాట్లాడినప్పుడు అవతలి మీటరు ఎస్9 చూపితే, 5 వాట్లతో మాట్లాడినప్పుడు ఎస్7 దగ్గర ఆగుతుంది. అక్కడా మాట అర్థమవుతుంది.

ఫ్లాటులో ఈ లెక్క ఇంకో రకంగా కూడా కలిసొస్తుంది. శక్తి తక్కువైతే పక్కింటి స్పీకరులో మన గొంతు వినిపించే ముప్పు తగ్గుతుంది, యాంటెన్నాకు దగ్గరగా ఉండే మనుషుల మీద పడే తరంగాల తీవ్రతా తగ్గుతుంది. బాల్కనీ యాంటెన్నాకూ సోఫాకూ మధ్య దూరం రెండు మూడు మీటర్లేనని మరిచిపోకూడదు. అందుకే 100 వాట్ల పెట్టె ముందు కొనమని నేనెవరికీ చెప్పను. 5 నుంచి 20 వాట్ల రేడియో చాలు. మిగిలిన డబ్బు కేబులు మీదా, ఫెరైట్ మీదా పెట్టాలి.

బ్యాండును మీ బాల్కనీయే నిర్ణయిస్తుంది

143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సగం తరంగం యాంటెన్నా పొడవు మీటర్లలో వస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 20 మీటర్లు, 14కు 10, 28కి 5, 145కి ఒక మీటరు. ఇప్పుడు మీ బాల్కనీ కొలవండి. 20 మీటర్ల తీగ ఏ ఫ్లాటులోనూ పట్టదు. 28 మెగాహెర్ట్జ్‌కైతే పావు తరంగం, అంటే రెండున్నర మీటర్ల సన్నని కడ్డీని రెయిలింగుకు బిగించి బయటికి వాల్చి, అంతే పొడవున్న మరో తీగను బాల్కనీ నేల వెంట పరిస్తే సరిపోతుంది.

అయితే 28 మెగాహెర్ట్జ్ ప్రాణం సూర్యుడి చేతిలో ఉంది. సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గే సౌర చక్రంలో మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఈ బ్యాండు పగటిపూట అతి తక్కువ శక్తికే ప్రపంచాన్ని చుట్టేస్తుంది. మచ్చలు తగ్గిన ఏళ్లలో రోజుల తరబడి నిశ్శబ్దం. ప్రస్తుత 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలైంది. గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా, నోవా సంస్థలు ప్రకటించాయి. అంటే ముందున్నది మెల్లగా దిగే కాలం. ఒక్క 28నే నమ్ముకోకుండా 14, 21 కూడా పట్టేలా యాంటెన్నా ఆలోచించుకోవాలి.

తీగ కనిపించకూడదనుకుంటే మోటార్ వైండింగుకు వాడే ఎనామిల్ రాగి తీగ తెచ్చుకోండి. అరమిల్లీమీటరు మందం తీగ రోడ్డు మీద నుంచి కంటికి ఆనదు. బాల్కనీకి పావురాల వల కట్టించి ఉంటే అది నైలానుది కాబట్టి తరంగాలకు అడ్డం కాదు. ఆ వల కన్నుల్లోంచి ఎనామిల్ తీగను అల్లుకుంటూ పోవచ్చు. ఇనుప గ్రిల్లు మాత్రం అడ్డమే. గ్రిల్లు లోపల కట్టిన తీగకంటే గ్రిల్లు అవతలికి చేయి చాచి కట్టిన తీగ ఎంతో మెరుగు. బట్టలారేసే ప్లాస్టిక్ తొడుగు తీగలు కూడా కొందరికి యాంటెన్నాలయ్యాయి. ప్రసారం చేసేటప్పుడు వాటిని ఎవరూ ముట్టుకోకుండా చూసుకోవాలి.

ఒక మీటరు రాగి ఉంగరం, వెయ్యి వోల్టులు

బాల్కనీ కోసమే పుట్టిందా అనిపించే యాంటెన్నా మ్యాగ్నెటిక్ లూప్. రాగి గొట్టాన్ని ఒక మీటరు వ్యాసంతో గుండ్రంగా వంచి, రెండు కొసల మధ్య ఒక వేరియబుల్ కెపాసిటరు పెడతారు. లోపల దాని వ్యాసంలో అయిదో వంతు ఉన్న చిన్న ఉంగరం. కేబులు దానికే వస్తుంది. పెద్ద ఉంగరానికి అది తగలనే తగలదు. ఈ ఒక్క చుట్టుతో 14 నుంచి 28 మెగాహెర్ట్జ్ దాకా పనిచేయొచ్చు. 14 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 21 మీటర్లు, ఉంగరం చుట్టుకొలత మూడు మీటర్ల పైచిలుకు. తరంగంలో పదో వంతు నుంచి సుమారు పావు వంతు దాకా ఉన్న చుట్టుకొలతే ఈ రకానికి అనువు.

ఇంత చిన్నదాని నుంచి తరంగం బయటికి ఎలా పోతుంది? అందులో తిరిగే కరెంటు చాలా ఎక్కువ కాబట్టి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరు ఉంగరం తరంగంగా మార్చే నిరోధం ఓమ్‌లో పదో వంతు మాత్రమే. గొట్టానికీ కెపాసిటరుకూ మధ్య ఒక్క జాయింటు సరిగా టంకం పడకపోయినా మన శక్తిలో సగం అక్కడే వేడిగా మిగిలిపోతుంది. అందుకే మరతో బిగించిన లూపుకంటే అతుకు పెట్టిన లూపు బాగా పలుకుతుంది. పాత వాల్వు రేడియోల్లోని గ్యాంగ్ కండెన్సరు దీనికి పనికొస్తుంది. దాని రెండు గ్యాంగులనూ వరసగా కలిపితే కరెంటు కదిలే ఇరుసు గుండా పోనక్కర్లేదు, నష్టం తగ్గుతుంది. పాత రేడియోలు బాగుచేసేవాళ్ల దగ్గర అడిగి చూడండి.

జాగ్రత్త సంగతి. ఈ లూపులో 5 వాట్లకే కెపాసిటరు మీద వెయ్యి వోల్టుల దరిదాపు వస్తాయి. 100 వాట్లయితే నాలుగు వేలు దాటుతాయి, ప్లేట్ల మధ్య నిప్పురవ్వలు ఎగురుతాయి. పిల్లలు తిరిగే బాల్కనీలో దీన్ని చేతికందని ఎత్తులో కట్టాలి. ట్యూనింగ్ కూడా చాలా సన్నటిది. ఫ్రీక్వెన్సీ కొన్ని పదుల కిలోహెర్ట్జ్ జరిగితే చాలు, కెపాసిటరును మళ్లీ తిప్పుకోవాలి. చెవితో వింటూ తిప్పితే రొద ఒక్కసారిగా ఉబికి వచ్చే బిందువు దొరుకుతుంది, అదే దాని సరైన చోటు. దీని ఇంకో గుణం ఫ్లాటు వాసులకు వరం: ఉంగరాన్ని నిలువు ఇరుసు మీద తిప్పుతూ ఉంటే ఒక దిక్కున రొద బాగా తగ్గిపోతుంది. పక్కింటి ఇన్వర్టర్ వైపు ఆ గుడ్డి దిక్కు పెడితే మునిగిపోయిన గొంతులు పైకి తేలతాయి.

టీవీ కేబులు కొన్ని రేడియో కేబుళ్లకంటే మేలు

అసోసియేషన్ ఒప్పుకుని డాబా మీద యాంటెన్నా పెట్టనిచ్చిందనుకుందాం. మీ ఫ్లాటు రెండో అంతస్తులో ఉంటే మలుపులన్నీ కలిపి 30 మీటర్ల కేబులు పడుతుంది. దుకాణంలో తేలిగ్గా దొరికే సన్నని ఆర్‌జీ-58 కేబులు వేస్తే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ 30 మీటర్లలో 6 డెసిబెల్స్ పోతాయి. వాకీటాకీ ఇచ్చే 5 వాట్లలో యాంటెన్నా చేరేది వాటుంబావు. 435 మెగాహెర్ట్జ్ దగ్గరైతే పదో వంతు కూడా చేరదు. అదే కేబులు 7 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం నాలుగో వంతుకు మించి తినదు.

డీటీహెచ్ వాళ్లు వేసే ఆర్‌జీ-6 కేబులు 75 ఓమ్‌లది, రేడియోలు 50 ఓమ్‌లవి. పనికిరాదని అంతా తోసేస్తారు. కానీ దాని నష్టం ఆర్‌జీ-58లో సగంకంటే తక్కువ. ఓమ్‌ల తేడా వల్ల కొంత శక్తి వెనక్కి వస్తుంది, దాన్ని చూపే ఎస్‌డబ్ల్యూఆర్ 1.5, అది పట్టించుకోదగ్గది కాదు. దాని పై అల్లిక అల్యూమినియంది, టంకం అంటదు. కాబట్టి కంప్రెషన్ కనెక్టరే వాడాలి. ఇంట్లో అసలే ఆ కేబులు డాబా దాకా వేసి ఉండి, ఇప్పుడు టీవీకి వాడటం లేదంటే కొత్తది కొనే ముందు దాన్ని ఓసారి వాడి చూడండి.

డాబా మీది కేబులుకు మరో లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులూ పిడుగులూ మొదలయ్యే వేళకు కేబులును రేడియో నుంచి పీకి కిటికీ బయట పెట్టడం అలవాటు చేసుకోవాలి. యాంటెన్నా స్తంభానికి ఎర్తింగ్ తప్పనిసరి.

చేతిలో పట్టే సెట్టుకు అరమీటరు తోక

తొలి రేడియోగా ఎక్కువమంది కొనేది చేతిలో ఇమిడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ సెట్టే. 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ బ్యాండుల్లో నగరంలోని రిపీటరు ద్వారా పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరం మాట్లాడిస్తుంది. కొత్తవాళ్లకు ఊళ్లో పెద్దవాళ్ల పరిచయం దొరికేది ఇక్కడే కాబట్టి ఇది మంచి ఎంపికే. కానీ కాంక్రీటు స్లాబులోని ఇనుప చువ్వల మధ్య, హాలు నడిమధ్యలో నిలబడి పిలిస్తే రిపీటరు పలకదు. బాల్కనీకి రండి. అప్పటికీ చాలకపోతే 49 సెంటీమీటర్ల తీగ తుంచి, యాంటెన్నా మొదట్లో ఉండే లోహపు వలయానికి తగిలేలా కట్టి కిందికి వేలాడదీయండి. పొట్టి రబ్బరు యాంటెన్నాకు లేని రెండో సగం ఈ తీగే. ఖర్చేమీ లేకుండా సంకేతం స్పష్టంగా పెరుగుతుంది.

ఏదీ వీలు కాని ఇరుకు ఫ్లాటు అయితే ఎకోలింక్ ఉంది. 2002లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఫోనునే దూరదేశపు రిపీటరుకు కలుపుతుంది. లైసెన్సు చూపించి కాల్‌సైన్ నిర్ధారించుకున్నాకే లోపలికి రానిస్తారు.

నోబెల్ శాస్త్రవేత్త రాసిన సాఫ్ట్‌వేర్ మీ బాల్కనీకి పనికొస్తుంది

1974లో జంట పల్సార్‌ను కనుగొన్నందుకు రసెల్ హల్స్‌తో కలిసి 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జోసెఫ్ టేలర్ కూడా హామే. కాల్‌సైన్ కే1జేటీ. అంతరిక్షం నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాలను రొదలోంచి ఏరడం ఆయన వృత్తి. అదే నైపుణ్యాన్ని హామ్‌లకూ పంచారు. స్టీవ్ ఫ్రాంకేతో కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో 15 సెకన్లకు ఒక వంతు చొప్పున రెండు స్టేషన్లు కాల్‌సైన్, ఊరి గుర్తు, సంకేతం బలం మార్చుకుంటాయి. మామూలు గొంతు ఆక్రమించే వెడల్పులోని రొదలో నూరో వంతు బలమే ఉన్నా కంప్యూటరు దాన్ని చదివేస్తుంది. చెవికి అక్కడ ఏమీ ఉన్నట్టే అనిపించదు. కంప్యూటరు గడియారం ఒక సెకను అటూ ఇటూ అయితే మాత్రం పనిచేయదు, అందుకే ఇంటర్నెట్ సమయంతో సరిచూసుకోవాలి.

2008లో ఆయనే తెచ్చిన విస్పర్ ఇంకా సౌమ్యమైనది. వాటులో అయిదో వంతుతో దాదాపు రెండు నిమిషాలు ఒకే చిన్న సందేశం పంపితే ప్రపంచంలో ఎవరెవరికి వినిపించిందో ఇంటర్నెట్‌లో మ్యాపు మీద చూసుకోవచ్చు. ఏ యాంటెన్నా బాగుంది, గ్రిల్లు లోపలా బయటా తేడా ఎంత అనే ప్రశ్నలకు దీనికి మించిన తీర్పరి లేదు. మాటల్లోనే ఆనందం ఉందనేవాళ్లు ఎఫ్‌టీ8ని చిన్నచూపు చూస్తారు. ఫ్లాటులో ఉండేవాళ్లకు అది ఇచ్చే ధైర్యం వాళ్లకు తెలియదని నా అభిప్రాయం.

కుళాయి వాషర్ల మీద చుట్టిన హైదరాబాదు రేడియో

ప్రపంచమంతటా వేలమంది తొలి రేడియోగా కట్టుకున్న బిట్‌ఎక్స్ పుట్టింది హైదరాబాదులో. 2003లో అశ్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ, దీన్ని రూపొందించారు. ఖరీదైన దిగుమతి భాగాలు లేకుండా ఎవరైనా కట్టుకోగలగాలన్నది ఆయన ఉద్దేశం. కాయిల్ చుట్టడానికి మామూలుగా వాడే ఫెరైట్ వలయాలు అందరికీ దొరకవు కదా, ఆయన కుళాయిల్లో వేసే వాషర్లను తీసుకుని వాటి మీద సన్నని తీగ చుట్టారు. ప్లంబింగు దుకాణంలో దొరికే వాషరు 14 మెగాహెర్ట్జ్ రేడియో గుండెలో కూర్చుంది. ఆ తర్వాత 2016లో 7 మెగాహెర్ట్జ్ మీద 7 వాట్లిచ్చే బిట్‌ఎక్స్40 సిద్ధం చేసిన బోర్డుగా వచ్చింది. ఆ బోర్డుల కాయిళ్లను మహిళా బృందం చేత్తో చుట్టింది. తర్వాత అన్ని షార్ట్‌వేవ్ హామ్ బ్యాండుల్లో పనిచేసే మైక్రోబిట్‌ఎక్స్ వచ్చింది.

తక్కువ శక్తి, 12 వోల్టుల బ్యాటరీ, తెరిచి చూసి అర్థం చేసుకోగల సర్క్యూటు, ఫ్లాటులో ఉండే కొత్త హామ్‌కు ఇంతకన్నా ఏం కావాలి? టంకం పట్టడం వచ్చినవాళ్లకు నేను ముందు చెప్పే పేరు ఇదే. హైదరాబాదులో నేర్పేవాళ్లకూ కొదవ లేదు. 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో ఉంది. బంజారాహిల్స్‌లో లామకాన్ పేరుతో ఒక హామ్ క్లబ్బూ ఉంది.

శ్రీహరికోట నుంచి హామ్‌ల కోసమే ఒక ఉపగ్రహం

2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌నూ మోసుకెళ్లింది. శ్రీహరికోటలోని రెండో ప్రయోగవేదిక నుంచి జరిగిన మొదటి ప్రయోగం అది. హామ్‌శాట్‌లోని రెండు ట్రాన్స్‌పాండర్లలో (నేల నుంచి వచ్చిన సంకేతాన్ని తిరిగి నేలకు పంపే పరికరాల్లో) ఒకటి ఇస్రో సాయంతో మన హామ్‌లు తయారుచేసినది, ఇంకొకటి ఒక డచ్ విద్యార్థి తయారుచేసినది. అనుకున్న ఆయుష్షుకు చాలా మించి 2014 జూలై దాకా హామ్‌ల గొంతులు మోసింది.

ఇప్పుడు బాల్కనీ నుంచి తేలిగ్గా వినగలిగేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. 145.800 మెగాహెర్ట్జ్ దాని దిగువ ఫ్రీక్వెన్సీ. తల మీదుగా వెళ్లినప్పుడు పది నిమిషాల్లోపే దాటిపోతుంది. అప్పుడప్పుడూ అక్కడి నుంచి బొమ్మలు కూడా శబ్దరూపంలో పంపుతారు. ఫోన్ యాప్‌ను స్పీకరు దగ్గర పెడితే బొమ్మ గీత గీతగా తెర మీద పడుతుంది. 2025 జూలైలో శుభాంశు శుక్లా మన విద్యార్థులతో మాట్లాడింది కూడా హామ్ రేడియోలోనే.

పడమటి బాల్కనీ ఉన్నవాళ్లకు ఇంకో అదృష్టం. 2018 నవంబరు 15న ఎగిరిన ఎస్‌హెయిల్-2 అనే కతార్ ఉపగ్రహంలో హామ్‌ల కోసం ట్రాన్స్‌పాండర్లున్నాయి. అది భూస్థిర కక్ష్యలో 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలకడగా ఉంటుంది. హైదరాబాదు నుంచి చూస్తే పడమరకు కాస్త దక్షిణంగా, దిగంతానికి సుమారు 28 డిగ్రీల ఎత్తున. ఎదురుగా పొడుగాటి భవనం లేకపోతే డీటీహెచ్ లాంటి డిష్షూ దాని ఎల్‌ఎన్‌బీ, ముందు చెప్పుకున్న ఆర్‌టీఎల్ డాంగిల్ చాలు. ఆఫ్రికా నుంచి ఐరోపా దాకా గొంతులు పగలూ రాత్రీ తేడా లేకుండా వినొచ్చు.

హోటల్ గది నుంచి సునామీ కబురు

2004 డిసెంబరులో భారతీ ప్రసాద్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ, ముందు చెప్పుకున్న హైదరాబాదు అమెచ్యూర్ రేడియో ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలోని బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. ఏళ్లుగా హామ్ ప్రసారాలు లేని అండమాన్ నుంచి ప్రపంచాన్ని పలకరించడం ఆ యాత్ర లక్ష్యం. స్టేషన్ పెట్టుకున్నది ఒక హోటల్లో. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో అదే స్టేషన్ వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి చేరవేసింది. అద్దె గదిలో, తాత్కాలికంగా కట్టిన తీగలతో నడిచిన స్టేషన్ అది. ఫ్లాటులో పెట్టుకునేది ఏం పనికొస్తుందని అడిగేవాళ్లకు నేను ఈ ఉదంతమే చెబుతాను.

డాలస్ ఫ్లాటులో వేరే లెక్క

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు అక్కడి లైసెన్సుకు పౌరసత్వం అక్కర్లేదు. తొలి మెట్టైన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరైతే పాస్. మోర్స్ పరీక్ష 2007లోనే పోయింది. చిక్కంతా ఇంటి యజమానుల సంఘాలతోనే. బాల్కనీలో మీటరు లోపు టీవీ డిష్ పెట్టుకునే హక్కు 1996 నాటి ఎఫ్‌సీసీ నియమం ఇచ్చింది కానీ అది హామ్ యాంటెన్నాకు వర్తించదు. అయితే అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క చట్రాలవి. చెక్క తరంగాలను ఆపదు కాబట్టి అటక మీద కట్టిన తీగ దాదాపు బయట కట్టినట్టే పనిచేస్తుంది. మన స్లాబు కింద ఆ సదుపాయం లేదు.

అసోసియేషన్‌కు ఏం చూపించాలి

డాబా అందరి ఉమ్మడి చోటు. అడగకుండా పిట్టగోడకు స్తంభం బిగిస్తే మొదటి వానకే గొడవ మొదలవుతుంది. ముందే రాతపూర్వకంగా అడగండి. లైసెన్సు నకలు, పెట్టబోయే యాంటెన్నా పొడవు, బరువు, ఎర్తింగ్ ఎక్కడ ఇస్తారో, వాటర్‌ప్రూఫింగుకు రంధ్రం పడకుండా ఎలా బిగిస్తారో రాయండి. సెల్ టవరు పెడుతున్నారని భయపడేవాళ్లుంటారు. వాళ్లను పిలిచి తీగ చూపించి, 5 వాట్లంటే చిన్న నైట్ బల్బంతేనని చెప్పండి. అయినా కుదరదంటే బాల్కనీ ఉండనే ఉంది.

యాంటెన్నా కట్టాక నానోవీఎన్‌ఏ అనే అరచేతిలో పట్టే పరికరంతో ఎస్‌డబ్ల్యూఆర్ చూసుకోవాలి. 2 చూపినా తిరిగి వచ్చేది 11 శాతం శక్తే. దాన్ని 1.1కు దించాలని రాత్రుళ్లు కూర్చోనక్కర్లేదు. ఆ సమయంలో పొరుగువాళ్ల ఇళ్లలో అడిగి రండి: మీరు మాట్లాడుతున్నప్పుడు వాళ్ల స్పీకరు గరగరలాడిందా, కాలింగ్ బెల్లు దానంతటదే మోగిందా అని. మోగితే ఆ తీగ మీ తరంగాన్ని పట్టుకుంటోందన్నమాట. స్పీకరు తీగకో బెల్లు తీగకో ఒక ఫెరైట్ రింగు తొడిగి నాలుగు చుట్లు తిప్పితే చాలాసార్లు ఆగిపోతుంది. అందుకే ఆ రింగులు కొనేటప్పుడు మీ ఇంటికి సరిపడా మాత్రమే కాదు, పక్క ఫ్లాట్లకు కూడా కలిపి లెక్క వేసుకోండి.